కిటికీలోంచి పడ్డ కార్నేషన్లు

ముప్పై ఏళ్ళుగా నేను పనిమనిషిని. ఇళ్ళలో కాదు, స్టేజీ మీద. "అమ్మగారూ, కాఫీ తెచ్చాను." "అమ్మగారూ, బయట ఎవరో వచ్చారు." ఈ రెండు ముక్కలు చెప్పించడానికి దేవుడు నన్ను తులూజ్‌లో పుట్టించి పారిస్ దాకా లాక్కొచ్చాడంటే ఆయనకి ఆ రోజుల్లో వేరే పనేమీ లేనట్టుంది. నా పేరు జెర్మెన్ పుజోల్. పోస్టరు మీద వెతుక్కోవాలంటే కళ్ళజోడు పెట్టుకుని అడుగున చూడండి. అచ్చు వేసినవాడి పేరుకి కాస్త పైన ఉంటాను.

హుగెట్ లార్నొది పేరుకి కళ్ళజోడు అక్కర్లేదు. ఒకప్పుడు ఆ పేరు వీధి అవతల నుంచి కూడా కనబడేది. సెంతెత్యెన్ అనే ఊళ్ళో బట్టలుతికే ఆవిడ కూతురు అది. నటన నేర్చుకునే స్కూల్లో నా పక్క బెంచీ. ఇద్దరికీ కలిపి ఒకటే చలికోటు ఉండేది, దాన్ని వంతులవారీగా వేసుకునేవాళ్ళం. ఏ రోజు నాటకాలవాళ్ళని కలవడానికి వెళ్ళాలన్నా ఆ రోజు కోటు వంతు దానిదే అయ్యేది, ఎలా అయ్యేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళకే స్టేజీ మీద రాణి అయింది. సినిమాకి మాటలు వచ్చాక దాని గొంతు కోసమే జనం టిక్కెట్లు కొన్నారు. కొంచెం బొంగురుగా, ఏడ్చి ఊరుకున్నట్టు ఉండే గొంతు. సబ్బు డబ్బాల మీద కూడా దాని మొహమే.

ఆ మధ్యలో ఒక పిల్ల పుట్టింది. తండ్రెవరో అది చెప్పలేదు, నేను అడగలేదు. పసిదాన్ని మోర్వాన్ కొండల్లో ఒక పాలదాయి దగ్గర పెట్టి వచ్చింది. "ఒక్క ఏడాదే, జెర్మెన్. ఈ సినిమా అవగానే తెచ్చేసుకుంటా," అంది. ఆ సినిమా అయింది, ఇంకొకటి వచ్చింది, ఇంకొకటి. ఒడిల్ అక్కడే పెరిగింది, అక్కడే బడికెళ్ళింది, అక్కడి నుంచే పెళ్ళి చేసుకుని సముద్రం పక్కన ఆంతీబ్‌కి వెళ్ళిపోయింది. మా థియేటరు గడప ఏనాడూ తొక్కలేదు. "మా ఒడిల్‌కి గులాబీ తోటలు," అని హుగెట్ అందరికీ గొప్పగా చెప్పుకునేది. చూడ్డానికి ఒక్కసారైనా వెళ్ళిన పాపాన పోలేదు.

యుద్ధం అయ్యాక సినిమా వాళ్ళకి దాని మొహం మీద మోజు తీరింది. మొదట తల్లి వేషాలు వచ్చాయి, తర్వాత మామ్మ వేషాలు, తర్వాత ఫోను మోగడమే మానేసింది. అలా ఇంట్లో కూర్చుని ఉన్నదాన్ని మా డైరెక్టరు వాలదియే గారు పిలిచి మళ్ళీ స్టేజీ ఎక్కించారు. ఆస్తి అంతా పోయిన ఒక ఇంటి యజమానురాలి వేషం. పనిమనిషిని నేనే, వేరే చెప్పాలా?

రిహార్సలు మొదలైన వారానికే నా గుండెల్లో రాయి పడింది. అది మాటలు మర్చిపోతోంది. అన్నిచోట్లా కాదు. మూడో అంకంలో యజమానురాలు తన పాత పనిమనిషిని పిలిచి, "లూయిజాన్, ఇంక నిన్ను ఉంచుకోలేను," అని పంపించేసే చోటు ఒకటుంది. నేను మూట పట్టుకుని నిలబడతాను, అది నా మొహంలోకి చూస్తుంది, "లూయిజాన్..." అంటుంది, అంతే. మాట రాదు. గుంటలో కూర్చుని మాటలందించే ఫిర్మెన్ పాపం గొంతు పోయేలా గుసగుసలాడేవాడు. అందించినా అందుకోదు.

"నీ మొహం చూస్తేనే మాటలు పోతున్నాయే నాకు," అంది ఓ రోజు.

"ముప్పై ఏళ్ళుగా ఇదే మొహం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నా మీదకి తొయ్యకు," అన్నాను.

నవ్వింది. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుంది. "జెర్మెన్, ఈ ఆట కూడా పోతే నాకింకేం మిగల్దే. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? వంటొచ్చా, కుట్టొచ్చా? ఎవరో రాసిచ్చింది చెప్పడం ఒక్కటే వచ్చు నాకు. అది కూడా పోతే ఎట్లా?"

నేనేం చెప్పను? నాకూ భయంగానే ఉంది. అవతల వాలదియే గారు జిస్లెన్ అనే నటితో ఆ వేషం పాఠమంతా వప్పచెప్పించుకుంటున్నారు. జిస్లెన్ చెడ్డది కాదు. నలభై దాటిన ఆడది, మంచి వేషం కోసం కాచుక్కూర్చుంది, అంతే. కాని స్టేజీ పక్క తెరల చాటున నిలబడి హుగెట్ చెప్పే ప్రతి మాటా పెదాలతో ఆడిస్తుంటే నాకు దాని పీక పిసకాలనిపించేది.

"ఒడిల్‌కి టిక్కెట్టు పంపాను," అంది హుగెట్ ఇంకో రోజు, మొహానికి పౌడరు అద్దుకుంటూ.

"ఎవరికి?"

"నా కూతురికే. పత్రికలవాళ్ళ ఆటకి. మూడో వరసలో."

"ఇన్నేళ్ళూ పిలవందానివి ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"తర్వాత పిలుద్దామంటే ఆట ఉంటుందో ఉండదో," అని అద్దంలోంచి నన్ను చూసింది. "రాదులే. గులాబీలకి ఈ కాలంలో పనెక్కువట కదా."

మా నాటకాల వాళ్ళకి పిచ్చి నమ్మకాలు ఎక్కువని ఊరంతా నవ్వుతారు. నవ్వనివ్వండి. స్టేజీ మీద తాడు అనే మాట అనం. ఆకుపచ్చ బట్ట వెయ్యం. ఆటకి ముందు ఎవరైనా "మంచి జరగాలి" అంటే వాణ్ణి కొట్టినంత పని చేస్తాం. "పెంట" అనాలి, అదే మాకు దీవెన. ఇవన్నీ ఒక ఎత్తు, కార్నేషన్ పువ్వు ఒక ఎత్తు. పాతకాలంలో ఆటల కాలం ముగిసేసరికి థియేటరు యజమాని నటీమణులకి పూలు పంపేవాడు. గులాబీలు వస్తే వచ్చే ఏడు కూడా కొలువు ఉన్నట్టు. కార్నేషన్లు వస్తే పెట్టె సర్దుకోమన్నట్టు. నోటితో చెప్పే దమ్ము లేని మగాళ్ళు కనిపెట్టిన పద్ధతి. ఇప్పుడు సంతకాలూ కాగితాలూ వచ్చాయి గాని, ఆ పువ్వు కనబడితే మేం ఇప్పటికీ పక్కకి తప్పుకుని పోతాం. థియేటరు ఎరిగినవాడెవడూ చచ్చినా నటికి కార్నేషన్ ఇవ్వడు.

పత్రికలవాళ్ళ ఆట రోజు రానే వచ్చింది. అసలు ఆటలు మొదలయ్యే ముందు విమర్శకులనీ తెలిసినవాళ్ళనీ కూర్చోబెట్టి మధ్యాహ్నం పూట వేసే ఆట అది. ఆ ఆటతోనే నటుల తలరాత తేలిపోతుంది. నవంబరు వాన పొద్దుట్నుంచీ పడుతూనే ఉంది. హుగెట్ గదిలో నేను దాని జాకెట్టు హుక్కులు పెడుతున్నాను. గేటు దగ్గర ఉండే మదాం బిజువార్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి ఒక వెదురు గంప దించింది. పైన తడి గోనెగుడ్డ కప్పి ఉంది.

"కాఫీకని అలా వెళ్ళి వచ్చేసరికి నా బల్ల మీదుంది. మీ పేరు రాసి గుచ్చారు. ఎంత బరువో తల్లీ, రాళ్ళా ఏంటి?" అని నడుం పట్టుకుని వెళ్ళిపోయింది.

హుగెట్ మొహం వెలిగిపోయింది. "గోనెగుడ్డ చూడవే! తోటవాళ్ళ పనే ఇది. ఒడిల్ పంపింది. నా తల్లే, గులాబీలు పంపిందే!" చిన్నపిల్లలా గోనెగుడ్డ లాగేసింది.

కార్నేషన్లు. గంప నిండా ఎర్రవీ తెల్లవీ, రేకుల అంచులు చిన్నచిన్న కుచ్చుల్లా. లవంగాల వాసన గది నిండా కమ్ముకుంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. హుగెట్ కదల్లేదు. బుగ్గల మీద వేసిన రంగు ఒక్కటే ఎర్రగా మిగిలింది, కింద చర్మమంతా సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది.

"వాలదియే," అంది.

"కాదేమోనే. ఒడిల్ అయ్యుండొచ్చు..."

"ఒడిల్ అయితే గులాబీలు ఉండేవి!" అరిచింది. "ఇది వాలదియే పనే. మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు, పువ్వులతో చెప్పించాడు. ఆట మొదలవకుండానే!" గంప ఎత్తి, కిటికీ తలుపు తోసి, మొత్తం కింద పెరట్లోకి గుమ్మరించేసింది. గంప కూడా విసిరింది. తర్వాత నన్ను బయటికి గెంటి గడియ పెట్టుకుంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మా థియేటర్లో పెదవి దాటక్కర్లేదు. అప్పటికే వరండాలో బట్టలవాళ్ళూ దీపాలవాళ్ళూ గుసగుసలు. "లార్నొదికి కార్నేషన్లు వచ్చాయట." ఒకత్తి శిలువ గుర్తు కూడా వేసుకుంది. నేను పనిమనిషి వేషంతోనే, వాలదియే గారి గదికి పరుగెత్తాను. తలుపు కొట్టలేదు.

"మీరు మనుషులేనా? ఆట ముందా పంపేది?"

"ఏం పంపాను?"

"కార్నేషన్లు!"

ఆయన నోరు తెరుచుకుపోయింది. ఆ మాటకే ఆయన కూడా కీడు తగలకుండా వేలితో బల్ల చెక్క ముట్టుకున్నారు. "నా తల్లి సాక్షిగా నేను పంపలేదు జెర్మెన్. నేనేమైనా పశువునా?" తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "పంపలేదు. కాని ఇవాళ మూడో అంకంలో ఆగిపోయిందో, రేపట్నుంచి జిస్లెన్. అది మాత్రం దాచను. అవతల విమర్శకులు కూర్చుంటారు, నన్ను నమ్మి డబ్బు పెట్టినవాళ్ళు కూర్చుంటారు. నేనేం చెయ్యనూ?"

బయటికొచ్చేసరికి స్టేజీ వెనక తెర పక్కన జిస్లెన్ నిలబడి ఉంది. హుగెట్ వేసుకున్నలాంటి బూడిద రంగు గౌనే వేసుకుని, జుట్టు కూడా దువ్వుకుని. నన్ను చూసి తల దించుకుంది. తిట్టకుండానే దాన్ని దాటి పోయాను. అది మాత్రం నా జీవితంలో అరుదు.

మరి పువ్వులు పంపిందెవరు? కింద పెరట్లో ఏదైనా చీటీ పడిందేమో చూద్దామని ఏప్రను మీద వానకోటు తగిలించుకుని మెట్లు దిగాను. అక్కడ వానలో ఒక ఆడమనిషి వంగి రాళ్ళ మధ్య పడ్డ కార్నేషన్లు ఒక్కొక్కటే ఏరుతోంది. మగాళ్ళ బూట్లు, నల్లకోటు, తల మీద చేతిరుమాలు. చేతులు పగిలి వేళ్ళ సందుల్లో మట్టి ఇంకిపోయి ఉంది. తలెత్తింది. ఆ గడ్డం, ఆ కనుబొమలు నేను రోజూ అద్దంలో చూసేవే. అంటే, నావి కాదు, హుగెట్‌వి.

"ఒడిల్!" అన్నాను. దాని చిన్నప్పుడు ఒకసారి చూశాను, తెల్లగౌనులో, చర్చిలో.

"నన్ను చూసే పారేసిందా?" అంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. "కింద నిలబడ్డాను, కిటికీ తెరిచి పిలుస్తుందేమోనని. తెరిచింది. నా మొహం మీదే పోసింది."

"అయ్యో పిల్లా, కాదు! నువ్వని దానికి తెలీదు."

"మా తోటలో ఇంత మంచివి ఏ ఏడూ పుయ్యలేదు. నిన్న పొద్దుగూకే ముందు కోశాను. నలిగిపోతాయని రాత్రంతా రైల్లో ఒళ్ళో పెట్టుకు కూచున్నా. మొదటిసారి పిలిచింది కదా, ఉత్త చేతుల్తో ఎలా రానూ?"

"మీది గులాబీ తోట కదా!"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "గులాబీలా? అవి మా పక్కవాళ్ళవి. మావెప్పుడూ కార్నేషన్లే. మా మామగారి తండ్రి నాటినుంచీ."

గబగబా చెప్పేశాను, ఆ పువ్వు మాకెందుకు పడదో, గులాబీలంటే ఏమిటో, కార్నేషన్లంటే ఏమిటో. ఒడిల్ చివరి దాకా విని, చేతిలో పువ్వు మీద బురద కోటుకి తుడిచింది. "పువ్వుకి కూడా పాపం అంటగట్టారా మీరు?" అంది. "నాకు ఇవన్నీ ఎవరు చెప్పారమ్మా? ఒక్కసారి లోపలికి రానిచ్చుంటే తెలిసేది."

"పైకి రా. నువ్వే చెప్పు," అన్నాను.

"రాను. ఆ మనిషి తలుపు నేను చాలాసార్లు కొట్టానమ్మా. ఉత్తరాలతో కొట్టాను, పెళ్ళి పిలుపుతో కొట్టాను. పిల్లాడు పుట్టినప్పుడు కొట్టాను. ఇంక నా వల్ల కాదు."

"పోనీ లోపలికెళ్ళి ఆటైనా చూడు. మూడో వరస."

వంగి ఇంకో పువ్వు ఏరింది. పైన మొదటి గంట మోగింది. నా ప్రాణం గిలగిల్లాడింది. "అయితే ఒక్క పువ్వివ్వు," అన్నాను.

"మళ్ళీ పారెయ్యడానికా?"

"ఇవ్వు పిల్లా, చంపకు!"

ఇచ్చింది. తీసుకుని ఏప్రను జేబులో పెట్టుకున్నాను. పాముని పెట్టుకున్నట్టే ఉంది. నేను పరుగెడుతుంటే వెనక నుంచి, "మంచి జరగాలమ్మా!" అంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

పైకెళ్ళేసరికి హుగెట్ తలుపు తెరిచే ఉంది. మొహం సర్దుకుంది, నిటారుగా నిలబడింది. "ఆడతాను," అంది. "పంపించేసేదేదో అందరి ముందూ పంపించమను."

"హుగెట్, అవి ఒడిల్ తెచ్చింది. కింద..."

"నోర్ముయ్."

"నిజమే! వాళ్ళది కార్నేషన్ల..."

"నోర్ముయ్యవే! నీకు అబద్ధమాడ్డం ఎప్పుడొచ్చిందని? వచ్చుంటే ఈపాటికి నువ్వూ రాణి వేషాలు వేసేదానివి." నన్ను దాటుకుని స్టేజీ వైపు వెళ్ళిపోయింది. రెండో గంట మోగింది. చీకట్లో ఆట మొదలని చెప్పే కర్ర మూడుసార్లు నేల మీద మోగింది, తెర లేచింది.

మొదటి అంకం దాటింది. రెండోదీ దాటింది. నిజానికి బాగా చేసింది, ఎప్పటికన్నా బాగా చేసింది. ఆ బొంగురు గొంతు విని జనం ఊపిరి బిగబట్టారు. నాకు మాత్రం ప్రతి మాటా తీగ మీద నడుస్తున్నట్టే ఉంది. ఇది దాటాలి, ఇది దాటాలి అనుకుంటూ కాఫీ పళ్ళెం పట్టుకుని తిరిగాను.

మూడో అంకం. నేను మూట పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. హుగెట్ కుర్చీలోంచి లేచింది, నా దగ్గరికి వచ్చింది, నా మొహంలోకి చూసింది.

"లూయిజాన్..."

అంతే.

గుంటలోంచి ఫిర్మెన్ గుసగుస. "ఇంక నిన్ను ఉంచుకోలేను." హుగెట్ అందుకోలేదు. ఫిర్మెన్ మళ్ళీ అందించాడు, ఈసారి కొంచెం గట్టిగా. ముందు వరసకి వినబడింది. ఎవరో దగ్గారు. విమర్శకుల వైపు నుంచి కాగితం చప్పుడు. హుగెట్ కళ్ళలోకి చూశాను. నీళ్ళలో మునిగిపోతున్న మనిషి కళ్ళు అవి. పక్క తెరల చాటున జిస్లెన్ బూడిద గౌను కనబడుతోంది. దాని పక్కన వాలదియే గారు తెర లాగేవాడి వైపు చెయ్యెత్తుతున్నారు. ఆ చెయ్యి దిగితే హుగెట్ పని అయిపోయినట్టే.

నా చెయ్యి నన్నడక్కుండా ఏప్రను జేబులోకి పోయింది. ముప్పై ఏళ్ళుగా రాసిచ్చిన మాట తప్ప స్టేజీ మీద సొంత మాట ఒక్కటి అనలేదు నేను.

"అమ్మగారూ," అన్నాను. "మధ్యాహ్నం మీరు కిటికీలోంచి పారేశారే, అందులోదే ఇది." ఎర్ర కార్నేషన్ దాని ముందుకి చాపాను.

పక్క తెరల చాటున ఎవరో కెవ్వుమన్నారు. హాల్లో పాత థియేటరు మనుషులున్నారు, వాళ్ళు కుర్చీల్లో కదిలారు. హుగెట్ నన్ను చంపేసేలా చూసింది.

"ఎవరు పంపారిది?" అంది. అది నాటకం గొంతు కాదు. జనానికి మాత్రం తేడా తెలియలేదు.

"మీ అమ్మాయండీ. రాత్రంతా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది."

"మా అమ్మాయిది గులాబీ తోట."

"కాదమ్మగారూ. ఎప్పుడూ కాదు. గులాబీలు పక్కవాళ్ళవట."

ఫిర్మెన్ గుసగుస ఆగిపోయింది. పాపం ఈ మాటలు ఏ పేజీలో ఉన్నాయా అని తిరగేస్తున్నాడు. వాలదియే గారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. హుగెట్ పువ్వు తీసుకుంది. దాన్ని తిప్పి చూసింది, కాడ మీదున్న బురద చూసింది.

"గులాబీలని నాకెవరు చెప్పారు?" అంది మెల్లగా. "ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా. ఊరంతా చెప్పుకు తిరిగా. ఏం పండిస్తావే అని ఒక్క ముక్క అడిగితే నా సొమ్మేం పోయేది?" దీపాల అంచు దాకా నడిచింది. చీకట్లో మూడో వరస ఉండేచోటుకి చూస్తూ మాట్లాడింది. "ఒక్క ఏడాదే అని చెప్పి వదిలేశాను నిన్ను. ఆ రోజు నా వేలు పట్టుకుని వదలకపోతే ఒక్కో వేలూ విడదీసి మరీ వచ్చాను. బండి దొరకదని తొందర. అది మర్చిపోలేదే. ఎన్ని మాటలు మర్చిపోయినా అది మాత్రం మర్చిపోలేదు."

హుగెట్ నా వైపు తిరిగింది. అప్పటికి దానికి మాట గుర్తొచ్చింది, కళ్ళలో కనబడింది. "ఇంక నిన్ను ఉంచుకోలేను," అనాలి.

"ఎక్కడికీ వెళ్ళకు," అంది. "ఉండు."

నాటకం ప్రకారం నేను ఆ గుమ్మం దాటి వెళ్ళి చలికి చచ్చిపోవాలి. నా చావు కబురు విని ఆమె ఏడవాలి. బాల్కనీలో నాటకం రాసినాయన సగం లేచి నిలబడ్డాడు. నేనేం చెయ్యను? ఉండమంటే ఉన్నాను. మిగతా అంకమంతా తుడిచిన గిన్నెలే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను. మిగతా నటులు నా చావుని దాటవేసి ఎలాగో ఒడ్డుకి చేర్చారు.

తెర పడ్డాక చప్పట్లు ఆగలేదు. హుగెట్ ఒక్కసారి వంగి దండం పెట్టి, రంగు కూడా తుడుచుకోకుండా హాల్లోకి పరుగెత్తింది. నేను వెనకే. మూడో వరసలో కుర్చీలన్నిటి మీదా తడి కోట్ల మరకలున్నాయి. ఒక్క కుర్చీ పొడిగా ఉంది.

"ఇక్కడెవరూ కూర్చోలేదమ్మా, మొదట్నుంచీ ఖాళీయే," అంది టిక్కెట్లు చూసే ఆవిడ.

హుగెట్ ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. పెరట్లోకి వెళ్ళాం. రాళ్ళ మీద ఒక్క పువ్వు కూడా లేదు, ఊడ్చినట్టుంది. చీకటి పడుతోంది. "వెళ్ళిపోయింది," అంది. "మళ్ళీ చెప్పలేనే, జెర్మెన్. ఎలా వచ్చాయో ఆ మాటలు. మళ్ళీ రావు." వానలో నిలబడి నా భుజం మీద ఏడ్చింది. సినిమాల్లో ఏడ్చినట్టు కాదు, ముక్కు కారేలా, వికారంగా.

అప్పుడు మదాం బిజువార్ తన గది తలుపు తెరిచి కేక వేసింది. "ఎవరైనా వచ్చి ఈ పిల్లని తీసుకెళ్ళండమ్మా! నా బకెట్లన్నీ పట్టుకుంది, అంట్లు తోముకోడానికి ఒక్కటీ లేదు!"

గదిలో పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద ఒడిల్ కూర్చుని ఉంది. ముందు రెండు రేకు బకెట్లు, కాఫీ కెటిల్, కూజా, అన్నిటి నిండా కార్నేషన్లు. కత్తెరతో కాడలు కోస్తోంది. హుగెట్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"వెళ్దామనే అనుకున్నా," అంది ఒడిల్ తలెత్తకుండా. "నీళ్ళు లేకపోతే ఇవి చచ్చిపోతాయి. వీటినెలా వదిలేసి వెళ్ళనూ?"

హుగెట్ నోరు తెరిచింది, మూసింది. ఇక్కడ గుంట లేదు, ఫిర్మెన్ లేడు. నేను అందిద్దామంటే నాకూ ఏం తోచలేదు. ఒడిల్ సాయం చెయ్యలేదు, కాడలు కోస్తూనే ఉంది.

"నువ్వని తెలిస్తే పారేస్తానా?" అంది హుగెట్ చివరికి.

"ఏమో. నాకెలా తెలుస్తుంది?"

నిజమే, ఎలా తెలుస్తుంది? హుగెట్ వెళ్ళి బొగ్గుపెట్టె మీద, స్టేజీ గౌనుతోనే చతికిలబడింది. "నేనూ చెయ్యనా?" అంది.

ఒడిల్ ఒక కట్ట దాని ఒళ్ళో పడేసింది. "కింది ఆకులు తీసెయ్. కణుపు మీద కొయ్యకు, నీళ్ళు తాగదు. రెండు కణుపుల మధ్య కొయ్యి. అలా కాదు. ఇలా."

నా వెనక అడుగుల చప్పుడు. వాలదియే గారు, మూల కొట్లో ఆదరాబాదరాగా కొన్న గులాబీల కట్టతో, వానలో తడిసి ముద్దయి వచ్చారు. "హుగెట్! ఆడేది నువ్వే! ఏడాదంతా నువ్వే! ఆ 'ఉండు' అన్నది అలాగే ఉంచేద్దాం, ఆ రాసినాయన్ని నేను చూసుకుంటా!" అని గులాబీలు ముందుకి చాపారు.

ఆ గులాబీల కోసమే కదా అప్పట్లో నా కోటు వంతు కొట్టేసింది, కూతురి వేళ్ళు విడదీసుకుని వచ్చింది. హుగెట్ తలెత్తి కూడా చూడలేదు. "జెర్మెన్, నువ్వు పుచ్చుకోవే. నా చేతులు ఖాళీ లేవు," అంది.

పుచ్చుకున్నాను. ముప్పై ఏళ్ళలో నా చేతికి గులాబీలు రావడం అదే మొదటిసారి. ముల్లు గుచ్చుకుంది కూడా.

"నీ ఆట చూడలేదు నేను," అంది ఒడిల్. "బాగా జరిగిందా?"

"ఒకచోట మాటలు మర్చిపోయాను."

"మరేం చేశావు?"

"నీతో మాట్లాడాను. నువ్వు అక్కడున్నావనుకుని." హుగెట్ ఇంకో కాడ అందుకుంది. "ఖాళీ కుర్చీకి చెప్పానే అదంతా."

ఒడిల్ చేతిలో కత్తెర ఆగింది. "అయితే ఇప్పుడు చెప్పు," అంది.

వాలదియే గారు రేపటి ఆట గురించి ఏదో అనబోయారు. నేను ఆయన చొక్కా పట్టుకుని బయటికి లాగి, గులాబీలు చంకలో పెట్టుకుని తలుపు దగ్గరగా వేశాను. మూసే ముందు హుగెట్ గొంతు వినబడింది. "ఒక్క ఏడాదే అనుకున్నానమ్మా," అని మొదలుపెట్టింది.